స్వగతం ఎవరితో? – త్రిముఖ వేదికపై ‘కన్యాశుల్కం’

వ్యాససంగ్రహం

ప్రేక్షకుల మధ్యకు చొచ్చుకువచ్చి, మూడు వైపుల నుంచి చూడదగిన రంగస్థలాన్ని థ్రస్ట్ స్టేజ్ అంటారు. ఈ వ్యాసంలో దానికి ‘త్రిముఖ వేదిక’ అన్న పేరు వాడుతున్నాను. తెలుగు నాటకం దాదాపు నూట నలభై ఏళ్లుగా ఒకే వైపు తెరుచుకునే ప్రొసీనియం వేదిక మీద, అంటే ‘చట్రపు వేదిక’ మీద నడుస్తోంది. గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ కూడా ఆ వేదిక మీదనే ప్రసిద్ధి పొందింది. ఆ నాటకంలోని స్వగతాలు, చాటుమాటలు, మారువేషాలు త్రిముఖ వేదిక మీద ఏ అర్థాన్ని సంతరించుకుంటాయో పరిశీలించడం ఈ వ్యాసలక్ష్యం. చట్రపు వేదిక మీద వినోదంగా మిగిలిపోయే నవ్వును త్రిముఖ వేదిక ప్రేక్షకుడి బాధ్యతగా మారుస్తుందన్నది ఇక్కడి ప్రతిపాదన. వీధినాటకానికీ త్రిముఖ వేదికకూ ఉన్న పోలికలు, తేడాలు, ఈ వేదికకున్న పరిమితులు కూడా చర్చకు వస్తాయి.

కీలక పదాలు: త్రిముఖ వేదిక, చట్రపు వేదిక, స్వగతం, జనాంతికం, వీధినాటకం, పద్యనాటకం, కన్యాశుల్కం, ప్రేక్షకుడు.

1. ప్రవేశిక

తెలుగులో నాటకవిమర్శ ఎక్కువగా పాఠం చుట్టూ తిరిగింది. ఇతివృత్తం, పాత్రపోషణ, సంభాషణ, రసం అనే అంశాల మీద విస్తారమైన చర్చ జరిగింది. నాటకం ఏ ఆకారం గల వేదిక మీద ఆడుతోంది, ప్రేక్షకుడు నటుడికి ఏ వైపున కూర్చున్నాడు, ఎంత దూరంలో కూర్చున్నాడు అన్న ప్రశ్నలు మాత్రం ప్రయోక్తల సొంత వ్యవహారంగా మిగిలిపోయాయి. ఇవి కేవలం వసతికి సంబంధించిన ప్రశ్నలైతే విమర్శకుడు వాటిని వదిలిపెట్టవచ్చు. కాని నాటకంలో ఒక మాటకు అర్థం ఆ మాట ఎవరినుద్దేశించి పలికారన్న దానిమీద ఆధారపడి ఉంటుంది. వేదిక ఆకారం మారితే మాట చేరే చోటు మారుతుంది. చేరే చోటు మారితే అర్థమూ మారుతుంది.

ఈ విషయాన్ని పరీక్షించడానికి ‘కన్యాశుల్కం’ కంటే తగిన తెలుగు నాటకం లేదు. అది 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శితమైంది. 1897లో అచ్చయింది. గురజాడ దాన్ని సమూలంగా విస్తరించి 1909లో రెండవ కూర్పుగా వెలువరించారు. నేడు మనం చదువుతున్నదీ, ఆడుతున్నదీ ఈ రెండవ కూర్పే. ఇందులో పాత్రలు ఒకరితో ఒకరు మాట్లాడుకునేంత జోరుగా తమలో తామూ మాట్లాడుకుంటాయి. గిరీశం, మధురవాణి, రామప్పంతులు, కరటకశాస్త్రి అందరూ పైకి ఒకటి చెప్పి లోపల మరొకటి అనుకునేవారే. ఆ లోపలి మాట ఎవరి చెవిన పడాలన్నదే ఈ నాటకాన్ని ప్రదర్శించేవారి ముందున్న అసలు చిక్కు.

2. త్రిముఖ వేదిక: నిర్మాణం, పునరుద్ధరణ

చట్రపు వేదికలో ప్రేక్షకులకూ నటులకూ మధ్య ఒక పెద్ద ద్వారబంధం ఉంటుంది. దానికి తెర ఉంటుంది. తెర లేచినప్పుడు ప్రేక్షకుడు ఒక బొమ్మను చూసినట్టు ఎదురుగా కూర్చుని చూస్తాడు. త్రిముఖ వేదికకు ఒక వెనుక గోడ మాత్రమే ఉంటుంది. మిగిలిన వేదికంతా ప్రేక్షకుల మధ్యకు వస్తుంది. ముందూ కుడీ ఎడమా ప్రేక్షకులే. నాలుగు వైపులా ప్రేక్షకులుండే వలయ వేదికకూ దీనికీ తేడా ఆ వెనుక గోడే. ప్రవేశ నిష్క్రమణలకు, ఎత్తుపల్లాలకు, అవసరమైన మరుగుకు ఆ గోడ ఆధారమవుతుంది.

ఇంగ్లండులో ఎలిజబెత్ రాణి కాలపు బహిరంగ నాటకశాలలు ఈ తీరువే. లండనులో ఫార్చ్యూన్ నాటకశాలను కట్టడానికి 1600లో రాసుకున్న ఒప్పందపత్రం ఇందుకు గట్టి సాక్ష్యం. అందులోని లెక్క ప్రకారం లోపలి ఆవరణ చదరంగా ఒక్కో వైపు 55 అడుగులు. వేదిక వెడల్పు 43 అడుగులు. అది ఆవరణ నడిమధ్య వరకు చొచ్చుకురావాలి. అంటే నిలబడి చూసే జనం వేదికను మూడు వైపులా చుట్టుకుని ఉండేవారు. షేక్స్పియర్ నాటకాల్లోని స్వగతాలు ఇటువంటి వేదిక కోసం, పగటి వెలుతురులో ఒకరి ముఖం ఒకరికి కనబడే జనం కోసం రాసినవి.

తరువాతి శతాబ్దాల్లో ఆ నాటకాలు చట్రంలోకి వెళ్లాయి. వాటిని తిరిగి బయటకు తెచ్చినవారిలో దర్శకుడు టైరోన్ గత్రీ ముఖ్యుడు. 1937లో డెన్మార్కులోని ఎల్సినోర్ కోట ఆవరణలో ఆయన దర్శకత్వంలో ‘హామ్లెట్’ ఆడవలసి ఉండగా వాన ముంచుకొచ్చింది. ప్రదర్శనను హోటలులోని నృత్యశాలలోకి మార్చి, కుర్చీలను నటుల చుట్టూ వేయించి ఆడించారు. ఆ నిర్బంధ ప్రయోగం ఆయన ఆలోచనను మలిచింది. 1948లో ఎడింబరో అసెంబ్లీ హాలులో మూడు వైపుల ప్రేక్షకుల మధ్య ఒక పాత స్కాట్లండు నాటకాన్ని ఆయన ఆడించారు. 1953లో కెనడాలోని స్ట్రాట్ఫోర్డులో, రూపశిల్పి తాన్యా మొయిసేవిచ్ రూపకల్పన చేసిన త్రిముఖ వేదిక మీద, ఒక పెద్ద గుడారం కింద నాటకోత్సవం మొదలైంది. 1957లో అక్కడ శాశ్వత భవనం లేచింది. వేదిక నుంచి ఏ ప్రేక్షకుడూ 65 అడుగులకు మించిన దూరంలో ఉండకపోవడం ఆ భవనం ప్రత్యేకతగా చెబుతారు. మన దేశంలో ముంబయిలోని పృథ్వీ థియేటర్ 1978లోనూ, బెంగళూరులోని రంగశంకర 2004లోనూ ఇదే తరహా వేదికలతో ప్రారంభమయ్యాయి.

ఈ చరిత్రలో మనకు పనికివచ్చే అంశం ఒకటుంది. గత్రీ కొత్తదనం కోసం వేదికను మార్చలేదు. పాత నాటకపాఠం అడిగిన సంబంధాన్ని తిరిగి కల్పించడానికి మార్చారు. కాబట్టి మనం వేసుకోవలసిన ప్రశ్న కూడా అదే: మన నాటకపాఠాల్లో ఏవి ఇటువంటి సంబంధాన్ని అడుగుతున్నాయి?

3. వీధినాటకం: పోలిక ఎంతవరకు?

త్రిముఖ వేదిక ప్రస్తావన రాగానే ‘ఇది మన వీధినాటకమే కదా’ అనడం పరిపాటి. ఈ మాటలో కొంత నిజముంది. వీధి భాగవతులు, కూచిపూడి భాగవతులు, తెలంగాణలో చిందు భాగవతులు ఊరి నడుమ ఆడినప్పుడు జనం మూడు వైపులా కూర్చునేవారు. వెనుక వంతపాటగాళ్లు, మద్దెల, తాళాలు. దివిటీల మీద గుగ్గిలం పొడి చల్లి, భగ్గున లేచిన మంట వెలుగులో ముఖ్యపాత్రను ప్రవేశపెట్టేవారు. భామాకలాపంలో ఇద్దరు మనుషులు పట్టుకున్న తెర వెనుక నుంచి సత్యభామ తన జడను తెర మీదుగా ఇవతలకు వేయడం అందరికీ తెలిసిన ఘట్టం. ఆ తెర మూడు వైపుల వారి నుంచీ ఏదీ పూర్తిగా దాచలేదు. పక్కన కూర్చున్నవాడికి తెర వెనుక నిలబడిన పాత్రధారి కొంతైనా కనబడుతూనే ఉంటాడు. కనుక ఆ తెర చేసే పని దాచడం కన్నా, వస్తున్నది ఎవరో చాటడం.

స్థలాన్ని సూచించే పద్ధతి కూడా ఇక్కడ గమనించాలి. భరతుని నాట్యశాస్త్రం కక్ష్యావిభాగం పేరుతో ఒక నియమాన్ని చెప్పింది. రంగం మీద నటుడు పరిక్రమించి మరో వైపుకు వెళితే చోటు మారినట్టే. మన భాగవతుల ప్రదర్శనలు ఈ సంకేతం మీదే నడిచాయి. రంగుల పరదాలు నిలపడానికి చోటులేని త్రిముఖ వేదికకు ఈ సంకేతం సహజంగా అతుకుతుంది.

అయితే పోలికను ఇంతకు మించి సాగదీయకూడదు. నాట్యశాస్త్రం చెప్పిన వికృష్ట మధ్యమ నాట్యమండపం 64 హస్తాల పొడవు, 32 హస్తాల వెడల్పు కలది. అందులో సగం ప్రేక్షకులకు, సగం నటులకు. దాన్ని త్రిముఖ వేదిక అనడానికి ఆధారం లేదు. అలాగే వీధినాటకం చూసే జనానికి ఇష్టం వచ్చినప్పుడు వచ్చి కూర్చునే, లేచిపోయే స్వేచ్ఛ ఉంది. వారికి కథ ముందే తెలుసు. ఎవరు ఎక్కడ కూర్చోవాలన్నది ఊళ్లోని కులమర్యాదలను బట్టి కూడా నిర్ణయమయ్యేది. టికెట్టు కొని, సంఖ్య వేసిన కుర్చీలో, చీకట్లో కూర్చునే నేటి ప్రేక్షకుడు ఆ జనానికి వారసుడు కాడు. త్రిముఖ వేదికను ‘మూలాలకు తిరిగి వెళ్లడం’గా కీర్తించడం కన్నా, మూడు వైపుల జనాన్ని నిలబెట్టుకోవడానికి భాగవతులు పెంపొందించుకున్న నైపుణ్యాన్ని అధ్యయనం చేయడం ప్రయోజనకరం. సూత్రధారుడు పాత్రతో మాట్లాడుతూనే జనం వైపు తిరిగి వ్యాఖ్యానించడం, అదే సూత్రధారుడు మరుక్షణంలో మాధవిగా మారి సత్యభామకు చెలికత్తె కావడం అటువంటి నైపుణ్యాలు.

4. చట్రంలో ఉండి చట్రాన్ని దాటిన పద్యనాటకం

1880లో ధార్వాడ నాటక సమాజం రాజమహేంద్రవరంలో ప్రదర్శనలిచ్చింది. అదే ఏడాది కందుకూరి వీరేశలింగం తన విద్యార్థులచేత నాటకాలు ఆడించారు. 1886లో ధర్మవరం రామకృష్ణమాచార్యులు బళ్లారిలో సరసవినోదినీ సభను స్థాపించారు. అంతకు ఏడాది ముందే సురభి కళాకారులు ‘కీచకవధ’తో తమ ప్రస్థానాన్ని ఆరంభించారు. ఈ పదేళ్లలోపే తెలుగు నాటకం తెరలతో, పక్కరెక్కలతో, చిత్రించిన పరదాలతో చట్రపు వేదికను తనదిగా చేసుకుంది. సురభివారు ఆ వేదిక ఇవ్వగల మాయను శిఖరానికి చేర్చారు. తీగల మీద ఎగిరే నారదుడు, క్షణంలో మారే రాజసభ, అడవి, యుద్ధభూమి చట్రం లేకుండా సాధ్యం కావు. కాబట్టి చట్రపు వేదికను వట్టి అనుకరణగా కొట్టిపారేయడం చరిత్రకు అన్యాయం.

ఆ చట్రంలో కూడా మన నటులు పూర్తిగా ఇమడలేదన్నది గమనార్హం. పద్యనాటకంలో పద్యం ఎత్తుకున్న నటుడు వేదిక ముందంచుకు నడిచివస్తాడు. ఎదుటి పాత్రను వదిలేసి జనం వైపు తిరుగుతాడు. రాగం తీస్తాడు. జనం ‘వన్స్ మోర్’ అంటే కథాకాలాన్ని ఆపి మళ్లీ పాడతాడు. వాస్తవిక నాటకాన్ని ఇష్టపడే విమర్శకులు దీన్ని ఔచిత్యభంగంగా ఎంచారు. మరోవైపు నుంచి చూస్తే, ప్రేక్షకుణ్ణి నేరుగా పలకరించే అలవాటున్న నటుడు, అందుకు వీలులేని కట్టడంలో తనకు దొరికిన అంచును వాడుకున్నాడు. చట్రపు వేదిక ముందంచు అతనికి అరచేతి వెడల్పు త్రిముఖ వేదిక అయింది.

ఆ కొద్దిపాటి కదలికను మైకు ఇంకా తగ్గించింది. వేదిక ముందు వరుసగా నిలిపిన మైకుల దగ్గరే మాట వినబడుతుంది గనుక, నటులు ఆ మైకుల ముందు వరుసగా నిలబడి మాట్లాడటం రివాజైంది. పరిషత్తు పోటీల నాటికలు కూడా ఒక గది సెట్టు, ఎదురుగా మైకులు, వాటి వెనుక ఒకే గీతలో పాత్రలు అన్న అమరికకు అలవాటుపడ్డాయి. పాత్రల మధ్య దూరం, దగ్గర, వెనుదిరగడం వంటి అభినయ సాధనాలు ఇందులో చాలావరకు నష్టపోయాయి. త్రిముఖ వేదిక గురించిన చర్చ మనకు ఎందుకు అవసరమో ఇక్కడే తెలుస్తుంది. మన నటుడు పోగొట్టుకున్న రెండు అవకాశాలను అది తిరిగి ఇస్తుంది: ప్రేక్షకుణ్ణి పలకరించడం, తోటి నటుడి వైపు తిరగడం.

5. ‘కన్యాశుల్కం’: లోపలి మాట చేరే చోటు

సంస్కృత రూపకలక్షణం రంగం మీది మాటలను ఎవరికి వినబడాలన్న దాన్ని బట్టి విభజించింది. ధనంజయుని దశరూపకం ప్రకారం అందరికీ వినబడేది ప్రకాశం. ఎవరికీ వినబడనిది స్వగతం. కొందరికే వినబడేవి జనాంతికం, అపవారితం. జనాంతికానికి త్రిపతాక హస్తం అడ్డుపెట్టాలి. అపవారితంలో పక్కకు తిరిగి రహస్యం చెప్పాలి. ఈ విభజనంతా రంగం మీదున్న పాత్రలను దృష్టిలో పెట్టుకున్నదే. ప్రేక్షకుడు మాత్రం అన్నింటినీ వింటాడు. అలా వింటున్న ప్రేక్షకుడి వైపు నటుడు చూడాలా వద్దా? చట్రపు వేదిక ఈ ప్రశ్నను దాటవేయనిస్తుంది. నటుడు చీకట్లోకి, ఎవరినీ చూడకుండా మాట్లాడవచ్చు. త్రిముఖ వేదిక దాటవేయనివ్వదు. ఎటు తిరిగినా ఒక ముఖం ఎదురవుతుంది.

5.1. బొంకులదిబ్బ

నాటకం గిరీశం ఒంటరి మాటలతో మొదలవుతుంది. విజయనగరంలో బొంకులదిబ్బ, సాయంకాలం. అప్పులు, పూటకూళ్లమ్మతో వచ్చిన చిక్కు, మధురవాణి, ఊరు విడిచిపోవలసిన అవసరం – వీటన్నిటినీ అతను తనలో తాను లెక్కవేసుకుంటాడు. చట్రపు వేదిక మీద ఇది పాత్రపరిచయంగా పనిచేస్తుంది. నటుడు చుట్ట వెలిగించి, అటూ ఇటూ పచార్లు చేసి, వాక్చాతుర్యం చూపి చప్పట్లు అందుకుంటాడు.

త్రిముఖ వేదిక మీద ఈ స్వగతం ఒక వ్యవహారం అవుతుంది. గిరీశం స్వభావమే ఎదుటివాణ్ణి బట్టి మాట మార్చడం. అతనికి వినేవాడు కావాలి. వెంకటేశం రాకముందు అతనికి దొరికిన తొలి శిష్యులు ప్రేక్షకులే. ఎడమ వైపున్న వారికి తన తెలివిని చాటి, కుడి వైపున్న వారి సానుభూతి కోరి, ఎదుటి వరుసలోని వారిని కుట్రలో కలుపుకొని అతను మూడు జట్లను తయారుచేసుకోగలడు. వెంకటేశం ప్రవేశించి గిరీశం వలలో పడుతున్నప్పుడు ప్రేక్షకుడు నవ్వుతాడు. అయితే అదే వలలో తాను కొన్ని నిమిషాల ముందే పడ్డాడన్న స్పృహ కూడా అతనికి కలుగుతుంది. గురజాడ గిరీశాన్ని ఇంత ఆకర్షణీయంగా ఎందుకు చిత్రించాడన్నది విమర్శకుల్ని చాలాకాలంగా వేధిస్తున్న ప్రశ్న. ఈ వేదిక మీద దానికి ఒక సమాధానం దొరుకుతుంది. మోసం ఎలా పనిచేస్తుందో తెలియాలంటే మోసపోయిన అనుభవం కొంచెమైనా ఉండాలి.

5.2. మంచం కింద

మొదటి అంకంలోనే మధురవాణి ఇంట్లో గిరీశమూ రామప్పంతులూ ఒకే మంచం కింద చేరే ఘట్టం ఉంది. పూటకూళ్లమ్మ చీపురుతో రావడం దానికి పరాకాష్ఠ. చట్రపు వేదిక మీద దీని అమరిక తేలిక. మంచాన్ని ఎదురుగా వేసి, దుప్పటి కాస్త ఎత్తి పెడితే, దాగినవారి ముఖాలు అందరికీ కనబడతాయి. మూడు వైపుల ప్రేక్షకులున్నప్పుడు ఒక వైపు వారికి రామప్పంతులు ముఖం, మరో వైపు వారికి గిరీశం ముఖం, ఎదుటివారికి ఇద్దరి మధ్య నలుగుతున్న చీకటి కనబడతాయి. ఎవరికీ దృశ్యం పూర్తిగా దక్కదు. ఇది లోపమని అనిపించవచ్చు. కాని ఒక వైపు వారు ముందుగా నవ్వితే, రెండో వైపు వారు ఆ నవ్వును చూసి కారణం వెతుక్కుంటారు. హాస్యం వేదిక మీద నుంచి జనంలోకి, జనం నుంచి తిరిగి వేదిక మీదికి తిరుగుతుంది. మంచం ఎత్తు, నులక అల్లిక సందు, దీపం ఉన్న దిక్కు వంటి చిన్న విషయాలే ఇక్కడ దర్శకుడి నిర్ణయాలవుతాయి. రంగాలంకరణ తగ్గి, వస్తువు విలువ పెరగడం త్రిముఖ వేదిక లక్షణం.

5.3. బుచ్చమ్మ వినడం

కృష్ణరాయపురం అగ్రహారంలో గిరీశం వెంకటేశానికి పాఠం చెబుతున్న నెపంతో వితంతు వివాహాల గురించి బుచ్చమ్మ చెవిన వేస్తాడు. నాటకంలోని ముఖ్యమైన వంచన ఇది. సంస్కరణోద్యమ భాష ఒక యువతిని లోబరుచుకునే సాధనంగా ఇక్కడ మారుతుంది. చట్రపు వేదిక మీద మాట్లాడుతున్నవాడే మధ్యలో ఉంటాడు. వింటున్న బుచ్చమ్మ ఒక పక్కన నిలబడుతుంది. ప్రేక్షకుడి చూపు సహజంగా మాట వైపే పోతుంది.

త్రిముఖ వేదిక మీద బుచ్చమ్మను ముందరి మూలకు, జనానికి రెండు మూడు అడుగుల దూరానికి తేవచ్చు. గిరీశం వెనుక గోడ దగ్గర నిలబడి మాట్లాడతాడు. అప్పుడు ఆ మూలన కూర్చున్న ప్రేక్షకులకు గిరీశం మాట వినబడుతుంది గాని, కనబడేది బుచ్చమ్మ ముఖం. ఆ ముఖంలో అమాయకత్వం, ఆశ, భయం ఒకదాని వెంట ఒకటి మెదులుతాయి. మరో వైపు ప్రేక్షకులకు ఆమె వీపు మాత్రమే కనబడుతుంది. వారు ఇంకా గిరీశం చమత్కారానికి నవ్వుతూనే ఉంటారు. ఒకే క్షణంలో ఒక వైపు నవ్వు, ఎదురుగా మౌనం. నవ్వుతున్నవారికి అవతలి వరుసల్లో నవ్వని ముఖాలు కనబడతాయి. ‘కన్యాశుల్కం’ హాస్యనాటకమా, విషాదగర్భమా అన్న పాత వివాదం ఇక్కడ సిద్ధాంతచర్చగా మిగలదు. అది ప్రేక్షకాగారంలోనే కనబడే విభేదం అవుతుంది. ఈ వేదిక నాటకానికి చేసే మేలు ఇదేనని నా నిశ్చితాభిప్రాయం. సాక్షుల మధ్య సాక్షిగా కూర్చున్న మనిషి తన నవ్వుకు జవాబుదారీ అవుతాడు.

5.4. మారువేషాలు, చివరి రంగం

కరటకశాస్త్రి శిష్యుడు మహేశం ఆడపిల్ల వేషంలో లుబ్ధావధాన్లకు భార్యగా వెళతాడు. మధురవాణి మగవేషంలో సౌజన్యారావు పంతులు ఎదుటికి వస్తుంది. ఈ రెండింటి రహస్యమూ ప్రేక్షకుడికి ముందే తెలుసు. చూస్తున్నవారు మూడు వైపులా ఉన్నప్పుడు వేషధారికి విశ్రాంతి లేదు. చట్రపు వేదిక మీద పాత్ర వెనుదిరిగితే నటుడికి ఒక విరామం దొరుకుతుంది. ఇక్కడ వెనుదిరిగిన క్షణంలో కూడా ఎవరో ఒకరు ముఖాన్ని చూస్తూనే ఉంటారు. సౌజన్యారావు ముందు మగవాడిగా నిలిచిన మధురవాణి ఒకసారి పక్కకు తిరిగితే, ఆయనకు కనబడని స్త్రీ ముఖం ఆ వైపు ప్రేక్షకులకు కనబడుతుంది. వేశ్యల ముఖం చూడనని వ్రతం పట్టిన సంస్కర్తకు తెలియనిది ప్రేక్షకుడికి తెలుస్తోంది. మంచివాడైన సౌజన్యారావు చూపుకు కూడా ఒక హద్దు ఉందన్న గురజాడ విమర్శ ఈ అమరికలో మాటల అవసరం లేకుండానే తెలుస్తుంది.

చివరకు గిరీశం బండారం బయటపడుతుంది. బుచ్చమ్మను పూనాలోని వితంతు శరణాలయానికి పంపే నిర్ణయం జరుగుతుంది. కథ తనకు ఎదురుతిరిగిందన్న గిరీశం విసుగుతో నాటకం ముగుస్తుంది. ఆ మాటకు చట్రపు వేదిక మీద తప్పకుండా చప్పట్లు వస్తాయి. తెర పడుతుంది. త్రిముఖ వేదికకు ముందు తెర లేదు. గిరీశం ఆ మాట అని ఎటు పోవాలి? ప్రేక్షకుల నడుమనున్న దారి గుండా, మొదటి రంగంలో తన శిష్యులుగా చేసుకున్నవారి పక్కగా అతను నడిచిపోతే, శిక్ష పడకుండా సమాజంలోకి తిరిగి వెళ్లిపోతున్న గిరీశం కనబడతాడు. ఈ ముగింపు గురజాడ పాఠానికి ఒక్క మాట కూడా చేర్చదు.

6. పరిమితులు

త్రిముఖ వేదిక అన్ని నాటకాలకూ తగినది కాదు. ఆత్రేయ ‘ఎన్జీవో’ వంటి వాస్తవిక నాటకంలో ఇల్లు ఇరుకుగా, గోడల మధ్య ఊపిరాడనట్టుగా ఉండాలి. ఆ గోడలు తీసేసి మూడు వైపులా జనాన్ని కూర్చోబెడితే ఆ ఇరుకును నటనతోనే సృష్టించాలి. అది సాధ్యమే గాని నాటకం దాన్ని కోరడం లేదు. సురభివారి మాయాదృశ్యాలు ఈ వేదిక మీద అసలే నిలవవు. పక్క నుంచి చూసేవాడికి తీగ కనబడుతుంది.

‘కన్యాశుల్కం’ విషయంలోనూ ఇబ్బందులున్నాయి. ఏడంకాల పూర్తి పాఠాన్ని సంక్షిప్తం చేయకుండా ఒక సాయంత్రం ఆడలేరు. సంక్షిప్తం చేసేవారు సాధారణంగా మొదట స్వగతాలను కత్తిరిస్తారు. త్రిముఖ వేదిక కోసం కుదించేటప్పుడు ఈ అలవాటును తిరగేయాలి. కథను నడిపే సంభాషణలో కొంత తగ్గించి అయినా లోపలి మాటలను నిలుపుకోవాలి.

ఇంకొక చిక్కు వాచికం. నటుడు ఎటు తిరిగినా ప్రేక్షకుల్లో మూడో వంతుకు అతని వీపే కనబడుతుంది. ‘కన్యాశుల్కం’లో మాండలికం, కులభాష, ఇంగ్లీషు కలగలుపు పాత్రచిత్రణకు ప్రాణం. ఒక్క పదాంతం వినబడకపోయినా చమత్కారం పోతుంది. దీనికి విరుగుడు మూలమట్టపు నడక: వేదిక మధ్యలో నిలబడిపోకుండా మూలల మీదుగా కదలడం, ముఖ్యమైన మాటను మూల నుంచి పలకడం, ఏ వైపుకూ ఎక్కువసేపు వీపు పెట్టకపోవడం. ఆ కదలిక పాత్ర అవసరంగా అనిపించాలి. ఊరికే తిరగడంగా కనబడితే మైకు ముందు నిలబడటమే మేలనిపిస్తుంది. దీపాల అమరిక కూడా కఠినమే. ఒక వైపు నుంచి నటుడి మీద పడే వెలుగు అవతలి వైపు వారి కళ్లలో పడకూడదు.

ఆర్థిక పరిమితినీ విస్మరించలేం. పృథ్వీ థియేటర్ వంటి వేదికలో పట్టేది సుమారు 200 మంది. పెద్ద సభాభవనాలకు అలవాటుపడిన తెలుగు నాటక సమాజాలకు ఈ సంఖ్య నిరాశ కలిగించవచ్చు. కాని సగం ఖాళీగా ఉన్న పెద్ద హాలు కంటే నిండిన చిన్న చోటు నటుడికి ఎక్కువ నేర్పుతుంది.

7. ముగింపు

పై చర్చ నుంచి మూడు నిర్ణయాలు తేలుతున్నాయి.

ఒకటి: వేదిక ఆకారం నాటకార్థంలో భాగం. నాటకవిమర్శ దాన్ని పాఠంతో సమానంగా పరిగణించాలి. స్వగతం, జనాంతికం, అపవారితం వంటి పరిభాషను లక్షణచర్చకే పరిమితం చేయకుండా, ఆ మాట ఎవరి ముఖం చూస్తూ పలకాలన్న ప్రయోగప్రశ్నకు అన్వయించాలి.

రెండు: త్రిముఖ వేదికను విదేశీ ప్రయోగంగా తోసిపుచ్చడం, వీధినాటకమేనని సొంతం చేసుకోవడం రెండూ తొందరపాటే. భాగవతుల స్థలసంకేతాలు, పద్యనాటక నటుడి పలకరింపు, గత్రీ వంటివారి నిర్మాణానుభవం కలిసినప్పుడే మనకు పనికివచ్చే పద్ధతి రూపొందుతుంది.

మూడు: ‘కన్యాశుల్కం’ నవ్వించే నాటకంగా నూరేళ్లు పైబడి బతికింది. ఆ నవ్వులో మన వాటా ఎంతో అడిగే నాటకంగా అది ఇంకా తగినంతగా ఆడబడలేదు. ఆ ప్రశ్న అడగడానికి కొత్త భవనాలు వచ్చేదాకా ఆగనక్కరలేదు. కళాశాల ఆవరణలో ఒక గోడ, దాని ముందు జానెడెత్తు అరుగు, మూడు వైపులా వేసిన బల్లలు చాలు. తెలుగు శాఖల్లో ఈ నాటకాన్ని పాఠ్యగ్రంథంగా చదువుతున్న విద్యార్థులు బొంకులదిబ్బ స్వగతాన్ని ఒక్కసారి అలా ఆడి చూస్తే, గిరీశం ఎవరితో మాట్లాడుతున్నాడో వారికి వివరించి చెప్పవలసిన పని ఉండదు.